హంపీలో రాళ్ళను కొట్టకండి, కొలవండి

సెలవులు దగ్గర పడగానే ప్రతి హైస్కూలులోనూ ఒకటే చర్చ: ఈసారి విహారయాత్ర ఎక్కడికి? రాయలసీమ, తెలంగాణ బడుల నుంచి బయలుదేరే బస్సుల్లో చాలా వాటికి గమ్యం హంపి. తెల్లవారేసరికి హోసపేటలో దిగుతారు. నాలుగు ఇడ్లీలు తిని, సాయంత్రంలోగా పది పన్నెండు స్థలాలు పరుగుపరుగున చుట్టి, చీకటి పడేసరికి తుంగభద్ర ఆనకట్ట చూసి మళ్ళీ బస్సెక్కుతారు. తిరిగి వచ్చాక "ఏం చూశారర్రా?" అని అడిగితే, "రాతి రథం, ఏనుగుల సాల, రాణీగారి స్నానశాల..." అని గడగడా అప్పజెబుతారు. "ఇంకా?" అంటే, "ఫొటోలు తీసుకున్నాం సార్" అంటారు.

ఇది చూడటం కాదని నా అభిప్రాయం. తప్పు మీది కాదు. ఒక్క పగటిలో పన్నెండు స్థలాలు అని కార్యక్రమం వేసే పెద్దలది. హంపి దాదాపు 230 ఏళ్ళపాటు ఒక మహా సామ్రాజ్యానికి రాజధాని. 1336లో మొదలై 1565లో పాడుబడింది. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలింది ఇక్కడి నుంచే. ఆయన 'ఆముక్తమాల్యద'ను తెలుగులో రాశాడు కనుక మనకీ ఆ ఊరితో చుట్టరికం ఉంది. అలాంటి చోటును అంగడి వీధిలా చూసి వచ్చేస్తే ఎలా?

అక్కడికి వెళ్ళగానే మీకు ముందుగా వినిపించేది రత్నాల కథ. వీధుల్లో రత్నాలు రాశులు పోసి అమ్మేవారని. ఆ కథకు ఆధారం లేకపోలేదు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్ ఇక్కడి బజార్లలో వజ్రాలు, కెంపులు, ముత్యాలు అమ్మడం చూశానని రాశాడు. కానీ ఆ రత్నాల్లో ఒక్కటి కూడా ఇప్పుడు మీకు కనబడదు. కనబడేవి రాళ్ళు. కనబడని వాటి గురించి గంటసేపు విని, కనబడుతున్న వాటిని ఒక్క నిమిషం కూడా చూడకుండా రావడమే నాకు నచ్చని సంగతి.

కాబట్టి రాళ్ళతోనే మొదలుపెట్టండి. హంపి చుట్టూ ఉన్న గుట్టలు ఎవరో బంతులు పేర్చినట్లు ఉంటాయి. ఒక గుండు మీద ఇంకో గుండు, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేటట్లు నిలబడి ఉంటుంది. వాలి సుగ్రీవులు విసురుకున్న రాళ్ళని స్థలపురాణం చెబుతుంది. ఆ చోటును కిష్కింధ అంటారు కదా. పురాణాన్ని పురాణంగా వినండి, ముచ్చటగానే ఉంటుంది. తరవాత రాయి దగ్గరికి వెళ్ళండి. ఇది గ్రానైటు. సుమారు 250 కోట్ల సంవత్సరాల కిందట భూమి లోపల కరిగిన రాతిముద్ద నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. పైనున్న పొరలు కాలక్రమాన కొట్టుకుపోయాక బరువు తగ్గి, ఆ బండలో నిలువుగా, అడ్డంగా పగుళ్ళు పడ్డాయి. అంటే పెద్ద పెద్ద ఇటుకల గోడలాంటిది తయారైంది. ఆ పగుళ్ళలోకి వాన నీరు దిగింది. గ్రానైటులో ఫెల్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది. నీటితో అది మెల్లగా బంకమన్నుగా మారిపోతుంది.

మరి చదరంగా ఉండవలసిన ఇటుక గుండ్రంగా ఎలా అయింది? ఒక సబ్బుబిళ్ళను తీసుకుని ఆలోచించండి. దాని పక్క మీద నీరు ఒక్క వైపు నుంచే పనిచేస్తుంది. అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి. అందుకే మూలలు ముందు అరుగుతాయి, తరవాత అంచులు. వాడగా వాడగా సబ్బుబిళ్ళ కోడిగుడ్డులా అవడం మీ ఇంట్లో రోజూ చూస్తున్నదే. రాతికీ అంతే. పట్టిన కాలం లక్షల ఏళ్ళు.

ఇప్పుడు ఆ గుండ్ల మీద వరుసగా కొట్టిన చిన్న చిన్న గుంటలు వెతకండి. హంపీలో చాలా చోట్ల కనబడతాయి. కొన్ని బండలు ఆ గుంటల వరుస వెంబడి కత్తితో కోసినట్లు చీలి ఉంటాయి, కొన్ని చీలక అలాగే ఆగిపోయి ఉంటాయి. నన్నడిగితే రాతి రథం కంటే ఆ సగంలో ఆగిన బండే ఎక్కువ చెబుతుంది. మన ఊళ్ళ దగ్గర క్వారీలో రాయి కొట్టేవారిని చూసే ఉంటారు. వరుసగా గుంటలు తొలిచి, ఇనుప చీలలు బిగించి, సమ్మెటతో ఒక్కొక్క దెబ్బే వేసుకుంటూ పోతారు. ఒకే చీలను పదిసార్లు కొట్టరు. వరుసంతా సమానంగా బిగుసుకోవాలి. చివరికి ఒక దెబ్బకు బండ గీత గీసినట్లు రెండవుతుంది. హంపి గుంటల మధ్య దూరం కొలవండి. మీ ఊరి క్వారీలోనూ కొలవండి. రెంటినీ పక్కపక్కన రాసుకోండి.

అంత గట్టి రాయి అంత తేలికగా చీలడానికి కారణం ఉంది. గ్రానైటును నొక్కితే ఎంతో బరువు మోస్తుంది. సాగదీస్తే మాత్రం ఓర్చుకోలేదు. నొక్కుడుకు తట్టుకునే బలంలో పదో వంతు కూడా సాగుడుకు ఉండదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే హంపి కట్టడాలు సగం అర్థమవుతాయి. రెండు స్తంభాల మీద రాతి దూలం పెట్టారనుకోండి. బరువు పడినప్పుడు దూలం అడుగు భాగం సాగుతుంది. దూలం మరీ పొడవైతే అక్కడే పగులుతుంది. అందుకే దూలాలు పొట్టిగా ఉండాలి, అందుకే స్తంభాలు దగ్గర దగ్గరగా ఉండాలి. గుడి మంటపంలో అన్ని స్తంభాలు ఎందుకని మీరెప్పుడైనా అడిగారా? అందం కోసమే కాదు. టేపు తీసి స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం కొలవండి. ఏ మంటపంలోనైనా ఆ కొలతలో పెద్ద తేడా కనబడదు.

అక్కడి నుంచి పద్మ మహలుకో, ఏనుగుల సాలకో వెళితే కథ మారుతుంది. అక్కడ దూలాలు కావు, కమానులు, గుమ్మటాలు. కమానులో ప్రతి రాయీ పక్క రాతిని నొక్కుతుందే గానీ ఏదీ సాగదు. కాబట్టి ఎక్కువ వెడల్పును స్తంభం లేకుండా దాటవచ్చు. ఏనుగుకు నడిమధ్య స్తంభం ఉంటే కుదరదు కదా! ఈ కమానుల విద్య దక్కను సుల్తానుల రాజ్యాల్లోని పనివారి ద్వారా వచ్చింది. 1565లో ఏ సుల్తానుల సేనలతో యుద్ధం జరిగిందో ఆ రాజ్యాల విద్యే ఇది. ఈ ఊళ్ళోనే 1439లో రాజుగారి అధికారి అహమ్మద్ ఖాన్ కట్టించిన మసీదు కూడా ఉంది. పాఠ్యపుస్తకంలో యుద్ధానికి ఒక పేజీ ఉంటుంది. మేస్త్రీలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నదానికి ఒక్క వాక్యం కూడా ఉండదు. అది మీరు అక్కడే చదవాలి.

మరొక ప్రశ్న. ఇన్ని గుళ్ళు నిలిచి ఉన్నాయి. మరి రాజుగారి మేడ ఏది? పిల్లలు ఈ ప్రశ్న అడగరు. గైడ్లు చెప్పరు. రాచనగరు ఆవరణలో నూరు స్తంభాల సభామంటపం అని బోర్డు ఉంటుంది. తీరా చూస్తే ఒక్క స్తంభం లేదు. ఎత్తైన రాతి అరుగు, దాని మీద వరుసలుగా గుంటలు. ఆ గుంటలు ఎన్నో లెక్కపెట్టండి. స్తంభాలు చెక్కవి. ఆ గుంటల్లో నిలబెట్టారు. మేడ పైభాగమంతా కొయ్య, ఇటుక, సున్నం. 1565 జనవరిలో యుద్ధం ఓడిపోయాక నగరం దోపిడీకి, మంటలకు గురైంది. కొయ్య కాలిపోయింది, రాతి అరుగు మిగిలింది. తవ్వకాల్లో బొగ్గు, బూడిద బయటపడ్డాయి. లేని స్తంభాలను గుంటలను బట్టి నిలబెట్టడం, లేని మంటను బొగ్గును బట్టి చూడటం, ఇది సైన్సు పద్ధతే. గురుత్వాకర్షణను ఎవరూ కళ్ళతో చూడలేదు కదా.

రాయి కూడా మంటకు పూర్తిగా తట్టుకోదు. గ్రానైటులోని క్వార్ట్జు 573 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. పక్కనున్న ఖనిజాలు అంతగా వ్యాకోచించవు. రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. నిప్పు పెట్టి బండను పలకలుగా లేపే పద్ధతి మన పనివారికి ఎప్పటి నుంచో తెలుసు.

అయితే హంపి మొత్తం ఆ ఏడాదే పాడైందని అనుకోకండి. రాజధాని పెనుకొండకు, తరవాత చంద్రగిరికి తరలిపోయింది. ఆ తరవాతి నాలుగున్నర వందల ఏళ్ళలో గోడల మీద రావి, మర్రి మొలిచాయి. వేళ్ళు రాళ్ళను విడదీశాయి. నిధులున్నాయని మనవాళ్ళే విగ్రహాల అడుగున తవ్వారు. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి హంపీలో ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలో రాతి రథం మీద ఇటుకలతో కట్టిన గోపురం ఉంది. ఇప్పుడు లేదు. మీ ఇంట్లో 2017 తరవాత అచ్చయిన యాభై రూపాయల నోటు ఉంటే తిప్పి చూడండి. గోపురం లేని రథమే దాని మీద ఉంది. అన్నట్టు, ఈ రథాన్ని చాలామంది ఏకశిల అనుకుంటారు. కాదు. విడివిడి రాళ్ళను అతుకులు కనబడకుండా పేర్చింది. ఏకశిల చూడాలంటే ఉగ్రనరసింహుణ్ణి చూడండి. 1528లో ఒకే బండలో చెక్కారు. 6.7 మీటర్ల ఎత్తు.

ఇక నీళ్ళ సంగతి. హంపీలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే, కాని దీన్ని చూసేవారు తక్కువ. రాచనగరులో మెట్ల కోనేరు ఒకటి ఉంది. మట్టి కింద పూడిపోయి ఉండగా 1980 దశకంలో తవ్వి తీశారు. నల్లరాతితో ఐదు అంచెలుగా దిగుతుంది. ఆ రాళ్ళ మీద చిన్న చిన్న గుర్తులు చెక్కి ఉంటాయి. ఏ దిక్కు, ఎన్నో వరుస, ఎన్నో రాయి అని. అంటే రాళ్ళను వేరే చోట కొలతకు చెక్కి, గుర్తులు వేసి, తెచ్చి ఇక్కడ అమర్చారన్న మాట. ఈనాడు వంతెన ముక్కలను కార్ఖానాలో పోతపోసి లారీలో తెచ్చి బిగించే పని ఏదో, అదే పని. కోనేటికి నీరు రాతి స్తంభాల మీద నిలిపిన రాతి కాలువలో వచ్చేది. నీరు పారాలంటే కాలువ వాలి ఉండాలి. మరీ వాలితే చివరికి చేరేసరికి కోనేరు కంటే కిందికి పోతుంది. అంత సన్నని వాలు ఎలా తీశారు? నీటి మట్టంతోనే తీయాలి. మీరూ ఒక మీటరున్నర పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, ఒక సీసా నీళ్ళు తీసుకువెళ్ళండి. గొట్టం రెండు చివరల్లో నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. కాలువ పక్కన నేల మీద నిలబడే వాలు తెలుసుకోవచ్చు. కట్టడాన్ని ముట్టనక్కర లేదు.

తుంగభద్ర నుంచి విజయనగర కాలంలో తీసిన తుర్తు కాలువ ఇప్పటికీ పారుతోంది. మీరు గుడి నుంచి గుడికి పోతుంటే మధ్యలో కనబడే వరిమళ్ళకు, అరటితోటలకు ఆ కాలువల నీరే. శిథిల నగరం అంటున్నాం గాని, కాలువకు ఆ మాట తగలదు. రాజులు పోయారు, మేడలు కాలాయి, రైతు మడవ మాత్రం మూసుకోలేదు. దాన్ని చూడటానికి టిక్కెట్టు లేదు. అందుకే కాబోలు ఎవరూ ఆగరు.

విరూపాక్ష ఆలయంలో ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. కనుక చెప్పులు విడిచి, అడిగి లోపలికి వెళ్ళండి. వెనకవైపు చీకటి గదిలో గోడ మీద తూర్పు రాజగోపురం తలకిందులుగా కనబడుతుంది. మహిమ అంటారు. మీరు ఎనిమిదో తరగతిలో అట్టపెట్టెతో చేసిన సూదిబెజ్జం కెమేరాయే అది. వెలుతురు తిన్నగా ప్రయాణం చేస్తుంది, గోపురం కొన నుంచి వచ్చే కిరణం బెజ్జంలోంచి దూరి గోడ కిందిభాగాన పడుతుంది. గోపురం ఎత్తు సుమారు 50 మీటర్లు. బెజ్జం నుంచి గోపురం 100 మీటర్లు, గోడ 5 మీటర్లు అనుకుంటే ప్రతిబింబం రెండున్నర మీటర్లుండాలి. ఇవి నేను లెక్క కోసం వేసిన అంకెలు. అసలు దూరాలు మీరు అడుగులు వేసి కనుక్కోండి, లెక్క సరిపోయిందేమో చూడండి. మహిమ కాదని తెలిస్తే ఆశ్చర్యం తగ్గుతుందని కొందరు పెద్దలు భయపడతారు. లెక్క సరిపోయినప్పుడు పిల్లల ముఖాలు చూసినవాణ్ణి కనుక ఆ భయం నాకు లేదు.

ఇప్పుడు మీరు నాతో పోట్లాడే చోటికి వచ్చాం. విఠల ఆలయం మహామంటపంలో సన్నని స్తంభాలున్నాయి. తడితే స్వరాలు పలుకుతాయి. తట్టకూడదని నిషేధం ఉంది. "సంగీత స్తంభాన్ని తట్టకుండా చూస్తే ఏం లాభం సార్? ఒక్కసారి వేలితో తడితే రాయి అరిగిపోతుందా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు లెక్కలో ఉంది. రోజుకు వెయ్యిమంది వస్తారనుకోండి. ఒక్కొక్కరు మూడేసి దెబ్బలు. ఏడాదికి దాదాపు 11 లక్షల దెబ్బలు. వేలితోనే తడతారని ఎవరు చెప్పారు? తాళంచెవులు, నాణేలు, రాళ్ళు. ఒక తీగను ఒకసారి వంచితే తెగదు, అటూ ఇటూ పదేపదే వంచితే తెగుతుంది. రాతిలో కంటికి కనబడని చీలిక ఒకటి ఉంటే పదేపదే కంపించడం వల్ల అది కొద్దికొద్దిగా ముందుకు జరగవచ్చు. ఈ స్తంభాలు పైనున్న కప్పుకు ఊతం. మళ్ళీ పోతపోయడానికి అది ఇనుము కాదు.

స్తంభాలు బోలుగా ఉంటాయని, లోపల ఏదో లోహం పోశారని, చూడటానికి తెల్లదొరలు రెండు స్తంభాలు కోయించారని కథలున్నాయి. కోయకుండానే తెలుసుకునే దారి సైన్సుకు ఉంది. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు స్తంభాలకు హాని చేయని పరీక్షలతో పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. స్తంభాలు గట్టి రాయే, బోలు కావు. తట్టినప్పుడు బద్దలా వంగుతూ కంపిస్తాయి. ఆ కంపనాల పౌనఃపున్యమే మనం వినే స్వరం.

ఆ స్వరం మీకు కావాలంటే బడిలోనే పుట్టించుకోవచ్చు. కడప బండ అమ్మే చోట 60 సెంటీమీటర్ల సన్నని పట్టీ ఒకటి అడగండి. తునకలకు డబ్బులు కూడా తీసుకోరు. రెండు చివరల నుంచి 13 సెంటీమీటర్లకు కాస్త లోపలగా రెండు తాడు చుట్టల మీద పరుండబెట్టి, నడుమ చెక్క సుత్తితో తట్టండి. మోగుతుంది. తాడును కాస్త జరిపితే గొంతు నొక్కుకుపోతుంది. ఎందుకంటే మొదట పెట్టిన చోట బండ కదలదు, ఇప్పుడు పెట్టిన చోట కదులుతుంది. అంతే మందం, అంతే వెడల్పున సగం పొడవున్న పట్టీ తెచ్చి, తాళ్ళను కూడా అదే లెక్కలో జరిపి తట్టండి. పౌనఃపున్యం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మందం పెంచితే మాత్రం మందంతోపాటే పెరుగుతుంది. ఏడు పట్టీలు కోయించి సప్తస్వరాలు పలికించగలరేమో ప్రయత్నించండి. విఠల మంటపపు శిల్పి ఎదుర్కొన్న చిక్కు అప్పుడు తెలుస్తుంది. ఆయన చేతిలో ఉన్నది ఉలి, చెవి. అంతే.

తట్టడం చిన్న సంగతి, దానికింత గొడవెందుకని అంటారా? 2019లో కొందరు యువకులు హంపీలో ఒక స్తంభాన్ని తోసి పడగొట్టి, దాన్ని వీడియో కూడా తీసుకున్నారు. వినోదానికే. న్యాయస్థానం వారికి తలా 70,000 రూపాయల జరిమానా విధించి, స్తంభాలను తిరిగి నిలబెట్టించింది. 2024 మేలో వానలకు విరూపాక్ష బజారులోని రాతి మంటపాల వరుసలో కొంత భాగం కూలింది. వానను మనం ఆపలేం. వాన పనికి మన చేతిసాయం అక్కర్లేదు.

ఇదే విరూపాక్ష బజారు గురించి ఇంకో మాట. ఆ పాత మంటపాల్లో చాలా కుటుంబాలు కాపురం ఉండి, దుకాణాలు పెట్టుకుని బతికేవి. 2011లో వాటిని ఖాళీ చేయించి కొత్తగా కట్టినవి పడగొట్టారు. రాళ్ళను కాపాడాలంటే తప్పదని అధికారులు అన్నారు. మా బతుకు ఇక్కడే అని వారు అన్నారు. బజారు అన్నది మనుషుల కోసం కట్టిన కట్టడమే కదా. అయితే మంటపానికి సిమెంటు గోడ కట్టి, మేకులు దిగగొడితే రాతికి చేటే. కొట్టివేత కంటే ముందు వాళ్ళకు సరైన చోటు, సరైన బతుకుతెరువు చూపించి ఉండవలసిందని నేను అనుకుంటాను. మీ తరగతిలో రెండు పక్షాలుగా కూర్చుని వాదించి చూడండి. తేలికగా తెగదు.

మరి యాత్ర ఎలా చేయాలి? పన్నెండు స్థలాలు వద్దు. రోజుకు మూడు చాలు. మీ మాస్టారిని బతిమాలి రెండు రోజులు ఉండండి. అది కుదరకపోతే ఆ మూడే చూసి రండి. టేపు, నోటుపుస్తకం, పెన్సిలు, ఆ నీళ్ళ గొట్టం, ఒక దిక్సూచి పెట్టుకోండి. ఇద్దరిద్దరు జట్టుగా ఒకరు కొలవండి, ఒకరు రాయండి. ఫోనుతో ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టి తీయండి, లేకపోతే ఆ గుంట జానెడో బారెడో ఇంటికొచ్చాక తెలియదు. స్తంభం మీద పేరు గీకే మిత్రుడెవరైనా ఉంటే అతని చేతికి టేపు రెండో కొన ఇవ్వండి. చేతికి పని లేకనే చాలామంది గీకుతారు.

అన్నిటికంటే ముందు కమలాపురంలోని పురావస్తు మ్యూజియానికి వెళ్ళండి. అక్కడ ఆవరణలో హంపి మొత్తానికి నమూనా ఉంది. కొండలు, నది, గోడలు, గుళ్ళు అన్నీ ఒక్కచోట కనబడతాయి. దాన్ని అరగంట చూసి నోటుపుస్తకంలో గీసుకుంటే తరవాత రెండు రోజులూ దారి తప్పరు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. బస్సు మాట్లాడే ముందే ఆ సంగతి చూసుకోండి.